జాహేదా లింకు

నా భార్య జాహేదా పోయిన తర్వాత కూడా ఆమె ఫోనుకు ఛార్జింగు పెట్టడం నేను మానలేదు. బట్టలు ఆమె చెల్లెలు సర్దుకుపోయింది. తెరవని మందుల డబ్బాలను గడియారం సెంటరులోని మెడికల్ షాపతను ఒక్క ప్రశ్న కూడా వేయకుండా వెనక్కి తీసుకున్నాడు. ఫోను మాత్రం వంటింటి కిటికీలో, ఆమె ఎప్పుడూ పెట్టుకునే చోటే ఉండిపోయింది. పొద్దున టీ పెట్టుకునేటప్పుడు దాని అంచున వెలిగే ఆకుపచ్చ చుక్క కనిపిస్తే ఇంట్లో ఇంకెవరో మేలుకుని ఉన్నట్టు అనిపించేది.

ఒకరోజు పొద్దున ఆ ఫోను కిర్రుమని కదిలింది. టీ గిన్నె దించకుండానే చూశాను.

"జాహేదా గారూ, మీ కబురు చేరింది. ట్యాంకరు పంపుతాము."

ఆ వాక్యం నేను రాసిందే. నల్గొండలో మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. మర్రిగూడ మండలంలో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఇప్పుడు ఊళ్లకు నల్లాలు వచ్చాయి కానీ గుట్టల వెనక ఉన్న చిన్న గూడేలకు పైపు పగిలితే బాగయ్యే దాకా నీళ్లుండవు. ఆ రోజుల్లో మా ట్యాంకరు శుద్ధి చేసిన నీళ్లు తీసుకుపోతుంది. ఎక్కడ నీళ్లు ఆగిపోయాయో తెలియడానికి సంస్థ ఒక వెబ్‌సైటు పెట్టించింది. గూడెం గూడేనికీ ఒక నీటి మిత్ర ఉంటుంది. ఆమె ఫోనులో ఒక లింకు ఉంటుంది. నొక్కితే పేజీ తెరుచుకుంటుంది. "సమస్య" అనే గళ్లో రాసి పంపితే మా ఆఫీసు కంప్యూటరులోనూ ట్యాంకరు డ్రైవరు ఫోనులోనూ కనిపిస్తుంది. ఆఫీసు కంప్యూటరు చూసుకునేది నేను. డిగ్రీలో బీకాం చదివినవాణ్ణి, తర్వాత కంప్యూటరు నేర్చుకున్నాను. సైటు కట్టింది మాత్రం హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్రాడు. కట్టి ఇచ్చి వెళ్లిపోయాడు, తర్వాత ఫోను ఎత్తలేదు.

జాహేదా రాళ్లగూడేనికి నీటి మిత్ర. ఆ గూడెం ఆమెది కాదు. అక్కడ ఫోను ఉన్న ఆడమనిషి అప్పట్లో లేదని తానే తీసుకుంది. వారంలో ఒకసారి బస్సెక్కి పోయేది.

టీ పొంగి స్టవ్వు మీద పడింది. తుడవకుండానే ఆఫీసుకు పోయి పేజీ తెరిచాను. రాళ్లగూడెం. పంపినవారు: జాహేదా. కింద ఇలా ఉంది.

"అక్కా, నల్లా వస్తలేదు. వాగుకాడ పైపు పలిగిందంటున్నరు. పిల్లలకు తాగనీకె నీళ్లు లేవు. సోమమ్మత్త మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి నల్లది, తోక మాత్రం తెల్లగున్నది."

చాలాసేపు ఆ మేకపిల్ల తోక దగ్గరే ఆగిపోయాను.

ట్యాంకరు డ్రైవరు లింగయ్యకు ఫోను చేశాను. అతను అప్పటికే దారిలో ఉన్నాడు.

"రాళ్లగూడెం కబురు ఎవరు పంపిండ్రు లింగన్నా?"

"సుహాసిని సార్. సోమమ్మ కోడలు. ఎందుకు, ఏమన్న తప్పు రాసిందా?"

"జాహేదా పేరు మీద వచ్చింది."

అవతల ట్యాంకరు పక్కకు తీసి ఆపిన చప్పుడు వినిపించింది. తర్వాత లింగయ్య గొంతు తగ్గించి చెప్పాడు. "అక్కకు బాగలేనప్పుడు ఆమె లింకే సుహాసినికి వాట్సాపుల పంపిందట సార్. నేను రాలేను, మీరే నొక్కుండ్రి అన్నదట. అప్పటిసంది అదే నొక్కుతున్నరు. మీకు తెల్సనుకున్న."

నాకు తెలియదు. ఆ నెలలన్నీ నేను హైదరాబాదులో దవాఖాన వరండాలోనే ఉన్నాను.

ఆ లింకు చివర ఉన్నది సైటు జాహేదాకు ఇచ్చిన వరస నంబరు. దాన్ని ఎవరు నొక్కినా సర్వరుకు వాళ్లే జాహేదా. జవాబు వాళ్ల తెర మీదా పడుతుంది, జాహేదా ఫోనుకూ వస్తుంది. నువ్వెవరు, ఈ నంబరు నీదేనా అని అది ఎవరినీ అడగదు. ఆ మాట నాకు ఆ రోజే అర్థమైంది. వెంటనే సరిచేయించాలని కూడా తెలుసు. సుహాసిని పేరు మీద కొత్త నంబరు ఇస్తే సరిపోతుంది. రేపు చేద్దాం అనుకున్నాను.

రేపు చేయలేదు. ఎందుకంటే కబుర్లు వస్తూనే ఉన్నాయి. నీళ్లు కావలసినప్పుడే వచ్చేవి గానీ నీళ్ల గురించి ఒక వాక్యం ఉండేది, మిగిలినదంతా జాహేదా కోసం.

"అక్కా, నీళ్లు రాలె. నువ్వు పెట్టిన కరేపాకు చెట్టు బతికింది."

"అక్కా, పొద్దటిసంది నల్లా బంద్. మా చిన్నదానికి పాలపండ్లు ఊడి కొత్తయి వచ్చినయి, తెల్లగ మల్లెమొగ్గ లెక్క ఉన్నయి. సోమమ్మత్త మురిసిపోతాంది."

ఆ పళ్ల మాట బయటివాళ్లకు చిన్నదిగా అనిపిస్తుంది. మర్రిగూడ పక్కన అది చిన్నది కాదు. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి. తర్వాత ఎముకలు వంగుతాయి. సోమమ్మ తరం అంతా అలా వంగినదే. ఆ గూడెంలో తెల్లని పళ్లు రావడమంటే ట్యాంకరు సరిగా వచ్చిందని అర్థం. జాహేదా ఉంటే ఆ కబురు చదివి నన్ను కేకేసి మరీ చెప్పేది.

వాళ్లు ఆమెకెందుకు రాస్తున్నారో లింగయ్యే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. లింకు నొక్కగానే పేజీ పైన పెద్ద అక్షరాల్లో "నమస్కారం జాహేదా గారూ" అని వస్తుంది. లోపలికి వచ్చినవాళ్లను పలకరించడానికి ఆ కుర్రాడు పెట్టిన మాట అది. గూడెంలో వాళ్లు దాన్ని ఉత్తరం పైన రాసే సంబోధన అనుకున్నారు. కింద ఏం రాసినా జాహేదాకు పోతుందని, ఆమె చదివి ట్యాంకరు పంపుతుందని మొదట్లో నమ్మారట. తర్వాత ఆమె పోయిందని తెలిసింది. సుహాసిని ఇక ఊరికే "నీళ్లు లేవు" అని రాద్దామంటే సోమమ్మ ఒప్పుకోలేదట.

"ముసల్ది ఏమన్నదో తెల్సా సార్? పేరు పైన ఉన్నదా లేదా? ఉన్నంతసేపు పేరు వెట్టి పిలిచి, మంచిచెడ్డ చెప్పి, అప్పుడు నీళ్లడుగు. ఇంటికొచ్చినోళ్లను నీళ్లియ్యి అని ఎట్లడుగుతవే ఊకె, అన్నదట."

"సర్వరు ఏమీ అనలేదా?" అన్నాను నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"సర్వరేమంటది సార్, మీ లెక్కనే. ఏం రాసినా సరే అంటది."

నేను రోజూ పొద్దున ఆఫీసు తాళం తీయగానే ముందు ఆ పేజీ తెరిచేవాణ్ణి. నీళ్లు ఆగిపోవాలని ఎవరూ కోరుకోకూడదు. నేనూ కోరుకోలేదు. కానీ కిటికీలో ఫోను కదిలితే చేతిలో పని వదిలేసి పోయేవాణ్ణి. ప్రపంచంలో ఒక్కచోట ఇంకా ఎవరో జాహేదాతో మాట్లాడుతున్నారు.

ఏడాది తిరిగింది. బర్సీ ఫాతెహా, ఏడాదికి చేసే ప్రార్థన, ఆమె పుట్టింట్లో, మహబూబ్‌నగర్‌లో పెట్టుకున్నాం. బయల్దేరే హడావిడిలో ఆమె ఫోను కిటికీలోనే మరిచిపోయాను. అక్కడ ఆమె చెల్లెలు నాకోసం ప్రత్యేకంగా మెత్తగా వండిన అన్నం పెట్టింది. నా పళ్లనొప్పి సంగతి ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. బహుశా ఎప్పుడో జాహేదా చెప్పి ఉంటుంది. చుట్టాలు ఉండమంటే ఇంకో రెండు రోజులు ఉండిపోయాను.

తిరిగి వచ్చి తలుపు తీసేసరికి కిటికీలో ఫోను వెలుగుతోంది. ఒకదాని కింద ఒకటి. "జాహేదా గారూ, మీ కబురు చేరింది. ట్యాంకరు పంపుతాము." మళ్లీ అదే. మళ్లీ అదే. ఒక నీళ్ల ఎద్దడికి అన్నిసార్లు ఎప్పుడూ రాయరు.

లింగయ్యకు ఫోను చేశాను. "రాళ్లగూడెం పోయినవా?"

"యాడికి పోవాల్నో తెలిస్తే గద సార్!" అతను విసిగిపోయి ఉన్నాడు. "పేజీ తెరిస్తె చాలు, రమ్మీ ఆడుండ్రి అని రంగురంగుల బొమ్మలొస్తున్నయి. పేక ముక్కలు, నోట్ల కట్టలు. పైన ఒక పోరి నిలవడి రా రా అంటాంది. నేను ట్యాంకరు నడపాల్నా, పేకాడాల్నా? ఆఫీసుల పెద్దసారుకు చెప్పిన. బాగు చేయిస్త, ఆగు అన్నడు. ఫోన్లు చేసిన ఊర్లకు పోయిన. చేయనోళ్ల సంగతి నాకేం ఎర్క?"

"రాళ్లగూడెం వాళ్లు చేయలేదా?"

"లే సార్."

ఎందుకు చేస్తారు? వాళ్ల ఫోనులో చేరింది అని పడింది. పంపుతాము అని పడింది. ఆ మాట రాసిన నేనేమో మహబూబ్‌నగర్‌లో మెత్తటి అన్నం తింటున్నాను.

లింగయ్య ట్యాంకరు నింపుకుని వస్తే నేనూ ఎక్కాను. దారి పొడుగునా పత్తి చేలు ఎండకు వాడి తలలు వేలాడేసి ఉన్నాయి. మర్రిగూడ దాటాక లింగయ్య తన నీళ్ల సీసా తీసి నా ఒళ్లో పెట్టాడు.

రాళ్లగూడెం మొదట్లోనే పాత చేతిపంపు ఉంటుంది. దాని నీళ్లు తాగకూడదని ఎప్పుడో ఎర్ర రంగు వేశారు. ఆ పంపు గద్దె మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో, సోమమ్మ కూర్చుని ఉంది. నడుము రెండుగా మడతపడిన మనిషి. కూర్చున్నా తల మోకాళ్లకే ఉంటుంది. పంపు చేయికి తన చీర కొంగు ముడివేసి, చేతిలో కర్ర పట్టుకుని ఉంది.

ట్యాంకరు హారను విని తల పక్కకు తిప్పి చూసింది. నిటారుగా ఎత్తలేదు కాబట్టి ఎవరినైనా అలా పక్కనుంచే చూస్తుంది.

"వచ్చినవా లింగయ్యా! తొవ్వ మర్సినవనుకున్న."

సుహాసిని బిందెతో పరుగెత్తుకుంటూ వచ్చింది. నన్ను చూసి ఆగిపోయి తల మీద కొంగు సర్దుకుంది. "సారూ, మీరొచ్చిండ్రా. ఎన్నిసార్లు రాసిననో! చేరింది చేరింది అంటాంది, బండి రాకపాయె. అక్కకు కోపమొచ్చిందా అన్నది అత్త."

"తప్పు మాదే చెల్లె. సైటు చెడిపోయింది. అవ్వ ఎండల ఎందుకు కూసున్నది?"

"పొద్దుగాల నుంచి గంతే సారూ. పిల్లగాండ్లు దూపయితదని ఈ పంపు కొట్టుకొని తాగవోయిండ్రు. నా బిడ్డ కూడ దోసిలి వట్టింది. అది చూసింది, ఇగ వచ్చి కూసున్నది. ఎవ్వరు లేపినా లేస్తలేదు. కొంగు ముడేసుకున్నది, లేపితె చీర ఊడుతది అని బెదిరిస్తాంది."

"ఊడితె ఊడనీ," అంది సోమమ్మ. "చూసెటందుకు ఏమున్నది ఈడ."

ఆడవాళ్లు నవ్వారు. నేను ఆమె పక్కన గద్దె మీద కూర్చున్నాను. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. పక్కన ఒక సత్తు గ్లాసు, అడుగున కొన్ని నీళ్లు.

"అవ్వా, నువ్వేం తాగినవ్?"

"ఇయ్యే." ఎర్ర పంపు వైపు చూపించింది. "దూపైతె ఏం జేయాలె? నాకు పొయ్యేదేమున్నది కొడుకా. నా బొక్కలు ఎన్నడో వంగినయి, ఇంకెంత వంగుతయి. నా మనుమరాలి పండ్లు తెల్లగొచ్చినయి. జాహేదకు రాసినం గూడ."

లింగయ్య ముందు ఆమెకే గ్లాసు నింపి తెచ్చాడు. తాగి, మిగిలిన చుక్కల్ని అరచేతిలో పోసుకుని ముఖానికి రాసుకుంది. అప్పుడు గానీ కొంగు ముడి విప్పలేదు. ముడి విప్పడానికి ఆ వంకర వేళ్లకు చాలాసేపు పట్టింది. సాయం చేయబోతే కర్రతో నా చేయి తట్టింది.

పక్కనుంచి నన్ను కాసేపు చూసి, "చిక్కినవు," అంది. "ఆమె గూడ ఈడనే కూసుండేది, నువ్వు కూసున్న కాడ. పెద్ద దవాఖానకు పోయే ముందు వచ్చి ఏడ్చింది. ఇంట్ల ఏడ్వరాదా బిడ్డా అంటే, ఇంట్ల ఆయన చూస్తడు అవ్వా, ఆయన తట్టుకోడు అన్నది. ఏడ్చి, మొఖం కడుక్కొని, బస్సు టైమైందని పోయింది."

ఆసుపత్రికి బయల్దేరే ముందు రోజు జాహేదా రాళ్లగూడెం వెళ్లింది నిజమే. సాయంత్రం ఇంటికి వచ్చి నవ్వుతూ చేపల పులుసు పెట్టింది. నాకు ధైర్యం ఇవ్వడానికి నవ్వుతోందని కూడా అనుకోలేదు. నిజంగానే బాగుందనుకున్నాను. ఆ ఒక్క సాయంత్రం ఇద్దరం కడుపునిండా తిన్నాం.

సంస్థ పిలిపించిన ఇంజనీరు తర్వాతి రోజు హైదరాబాదు నుంచి వచ్చింది. పేరు సుస్మిత. చిన్న వయసు. ఆఫీసులోకి వస్తూనే కుండలో నీళ్లు ముంచుకుని తాగింది. "మాది కేతేపల్లి సార్. బస్సు దిగంగనే ఇంటికొచ్చినట్టు అనిపించింది," అంది.

కంప్యూటరు ముందు కూర్చుని కాసేపు చూసింది. తర్వాత కుర్చీ నా వైపు తిప్పింది.

"ఎవరో పగవాడు చేసిన పని కాదు సార్. ఇంటర్నెట్ల కొన్ని ప్రోగ్రాములు తిరుగుతనే ఉంటయి. ప్రతి తలుపూ నెట్టి చూస్తయి. మీ తలుపు నెట్టినయి, తెరుచుకున్నది. సమస్య అనే గడిల కబురుకు బదులు కంప్యూటరుకు ఆజ్ఞలు రాసినయి. మీ సర్వరు అది కబురా ఆజ్ఞా అని చూడలేదు. దాచిపెట్టుకుని, కబుర్లు చదివే పేజీ తెరిచిన ప్రతి ఒక్కరికీ దాన్నే వడ్డించింది. రాసే పేజీకి ఏం కాలేదు. అందుకే లింగయ్యగారి ఫోను రమ్మీకి ఉరికింది."

"గడిలో నంబర్లు, అక్షరాలు తప్ప వేరే గుర్తులు పడవు కదా. నేనే చూశాను."

"అది పేజీ చేసే పని సార్. పేజీ మీద అడిగేది మర్యాదకే. పేజీ తెరవకుండా నేరుగా సర్వరుకు పంపొచ్చు. లోపల ఉన్న సర్వరే మళ్లీ అడగాలి. వచ్చిందెవరు, చేతిల ఏమున్నది, ఎంత పొడుగున్నది, మా ఇంట్లకు పనికొచ్చేదేనా అని. మీదేమో..." నవ్వింది. "ఎవరొచ్చినా చాప పరిచి కూసోబెడ్తది. అట్లాంటి ఇల్లు ఉంటది కదా సార్, ఊర్లల్ల."

ఉంటుంది. మా ఇల్లు అలాగే ఉండేది. గ్యాసు బండ తెచ్చినతనికి, దారి అడిగినవాళ్లకు, అందరికీ జాహేదా టీ పెట్టేది. కౌన్ హై పూఛే బినా, ఎవరని అడగకుండా, అని నేను విసుక్కుంటే, "దాహంతో వచ్చినవాణ్ణి పేరడగడం ఎందుకండీ" అనేది.

సాయంత్రానికి సుస్మిత రమ్మీ దారి మూసేసింది. ఏం రాసినా ఇక అది మాటగానే మిగులుతుంది, ఆజ్ఞ కాదు అంది. బస్సుకు టైమవుతోందని సంచి సర్దుకుంది. సంస్థ ఆమెకు అప్పగించిన పని అంతవరకే.

నేను ఊరుకుంటే సరిపోయేది. లింకు చివర ఉన్న నంబరు సంగతి ఆమె చూడలేదు. సుహాసిని రాస్తూనే ఉంటుంది. కిటికీలో ఫోను కదులుతూనే ఉంటుంది.

కానీ ఆ మధ్యాహ్నం నుంచి నా కళ్ల ముందు పంపు చేయికి వేసిన కొంగు ముడి ఉంది. ఎవరైనా జాహేదా కాగలిగినప్పుడు, "రాళ్లగూడేనికి నీళ్లు వచ్చినయి, ట్యాంకరు వద్దు" అని కూడా జాహేదా పేరుతోనే రాయగలరు. తమాషాకి ఎవడైనా రాస్తే చాలు. సోమమ్మ మళ్లీ గద్దె మీద కూర్చుంటుంది. ఎల్లకాలం కూర్చోలేదు.

"ఇంకొకటి ఉందమ్మా," అన్నాను.

లింకు చూపించాను. ఆమె దాని చివరి అంకె మార్చి నొక్కింది. వేరే గూడెం మిత్రకు నమస్కారం చెప్పింది పేజీ. ఇంకో అంకె. ఇంకో నమస్కారం. సుస్మిత ముఖంలో నవ్వు పోయింది.

"ఇది రమ్మీ కన్నా పెద్దది సార్. ప్రతి మిత్ర ఫోనుకూ ఒక కోడు పోయేటట్టు చేయాలి, అది కొడితేనే లోపలికి. పాత లింకులన్నీ బంద్ పెట్టాలి." జాబితాలో పేర్లు చూసుకుంటూ పోయి ఆగింది. "ఈ జాహేదా గారిది ఏం చేద్దాం? ఫోను ఆమె దగ్గర ఉంటదా?"

"ఫోను మా ఇంట్లో ఉంది. ఆమె లేదు."

ఆమెకు అర్థం కావడానికి కొద్దిగా సమయం పట్టింది. నేను రాళ్లగూడెం కబుర్లు చూపించాను. మేకపిల్ల, కరివేపాకు చెట్టు, మల్లెమొగ్గ లాంటి పళ్లు. ఆమె అన్నీ చదివింది. బస్సు వెళ్లిపోయి ఉంటుంది.

"సార్," అంది చివరికి, తెర వైపే చూస్తూ. "ఆ ఒక్క పేరు అట్లనే ఉంచొచ్చు. కోడు మీ ఇంట్ల ఫోనుకు వస్తది. మీరు సుహాసినికి చెప్పొచ్చు. ఎవరూ చూడరు."

ఆ అమ్మాయి నాకు ఇవ్వగలిగిందంతా ఇచ్చింది. ఒక్క క్షణం తీసుకుందామనే అనిపించింది.

"నేను మళ్లీ ఊరికి పోతే, ఫోను కిటికీలో మరిచిపోతే?" అన్నాను. "తీసెయ్యమ్మా."

ఆమె తల ఊపింది. గళ్లో రాసుకునే చోటు మాత్రం తీయనంది. నీళ్లు ఉన్నాయి, లేవు అనే రెండు బటన్లు చాలు అన్నాడు పెద్దసారు. ఆమె ఆయనతో వాదించి ఒక చిన్న గడి మిగిలించింది. ఏం రాసినా రాతగానే ఉంటుంది, ఎవరికీ హాని లేదు అంది. పాత లింకు నొక్కినవాళ్లకు ఏమని చెప్పాలో వాక్యం నన్నే రాయమంది. రాశాను.

కొత్తది అన్నిచోట్లా పనిచేస్తోందో లేదో చూడడానికి నేను మళ్లీ రాళ్లగూడెం పోయాను. ఈసారి జాహేదా ఫోను జేబులో పెట్టుకున్నాను. సుహాసిని ఫోనుకు కోడు వచ్చింది. కొట్టగానే పేజీ తెరుచుకుంది. "నమస్కారం సుహాసిని గారూ."

గద్దె పక్కన నీడలో కూర్చున్న సోమమ్మ అడిగింది. "పైన ఏం పేరున్నది?"

"నా పేరే అత్తా."

"నీ పేరా? నీకు నేనేం రాయాలె? పొద్దుగాల లేస్తె నీ మొఖమే చూస్తి. నువ్వే గద మేక పాలు వొలకవోసింది. నీకే మళ్ల రాయాల్నా మేక పాలు వొలికినయని?"

సుహాసిని ఫక్కున నవ్వి, నన్ను చూసి ఆపుకుంది.

సుస్మిత నా ఫోనులో లైన్లో ఉంది. "సార్, ఒక్కటి చూడాలె. పాత లింకు ఆమె వాట్సాపుల ఉంటది కదా. అది నొక్కి ఏదో ఒకటి రాసి పంపండి. బయటికే ఆగిపోవాలి. ఆగిపోతే మన పని అయినట్టు."

సుహాసిని పాత సందేశం వెతికి తీసింది. పైన జాహేదా బొమ్మ, ఆమె చున్నీ అంచు సగం కత్తిరించినట్టు. కింద ఆమె రాసింది. "సుహాసినీ, నాకు జర పానం బాగలేదు. ఇది నొక్కి రాయి. మీ కోసమే." తెలుగులో రాసింది. మా ఇంట్లో ఉర్దూలో మాట్లాడే మనిషి, ఈ గూడెం కోసం వాళ్ల మాటే నేర్చుకుంది.

లింకు నొక్కాను. ఇదివరకు తెరిచిన పాత పేజీని ఫోను తనలో దాచుకుంది, అదే వచ్చింది. పైన ఆమె పేరు కనిపించింది. గళ్లో ఏం రాయాలో తోచలేదు. ఏదో ఒకటి రాయమంది కదా. "జాహేదా, నీళ్లు వచ్చాయి" అని రాసి పంపాను.

తెర తెల్లబోయింది. తర్వాత నా వాక్యం వచ్చింది.

"ఈ లింకు ఇక చెల్లదు. దయచేసి ఆఫీసుకు ఫోను చేయండి."

జేబులో ఫోను కదలలేదు. కదలదని తెలిసి కూడా చేయి వేసి చూసుకున్నాను.

"ఏమొచ్చింది సార్?" అంది ఫోనులో సుస్మిత.

"చెల్లదని వచ్చింది."

"అయితే సరిగ్గా పనిచేస్తాంది," అంది. అన్నాక తనకే వినిపించిందేమో. "మీరు తిన్నరా సార్?" అని అడిగి పెట్టేసింది.

సోమమ్మ కర్రతో నేల మీద తట్టింది. "ఏమన్నది?"

"పోలేదు అవ్వా. ఇక పోదు."

ఆమె పక్కనుంచి నన్ను చూసింది. ఇన్నాళ్లూ ఆ కబుర్లు ఎవరు చదివారో ఆమెకు తెలుసని అప్పుడు అర్థమైంది.

"ఇన్ని దినాలు పోయినయి గద," అంది. "నువ్వన్న చదివినవు. ఆమె ఫోను తెచ్చినవా?"

తీసి ఇచ్చాను. వంకర వేళ్లతో రెండు చేతులా పట్టుకుంది. దాన్ని చెవి దగ్గర పెట్టుకోలేదు. మెడ ఎత్తలేదు కాబట్టి ఒళ్లోనే పెట్టుకుని, వంగి ఉన్న తల ఎలాగూ దాని మీదే ఉండగా, ఏ బటనూ నొక్కకుండా మొదలుపెట్టింది.

"జాహేదా. బిడ్డా. నల్ల మేకపిల్ల ఉన్నది గద, తోక తెల్లది..."

గూడెం మొదట్లో లింగయ్య హారను కొట్టాడు. ఆడవాళ్లు బిందెలు తీసుకుని బయల్దేరారు. పైపు పట్టుకునేవాళ్లు కావాలని అతను కేకేస్తున్నాడు.

ఆమె చెబుతున్నది నాకు కాదు. నేను లేచి పైపు పట్టుకోవడానికి పోయాను.